విజయనగరం – శ్రీకాకుళం రోజువారీ ప్రయాణానికి ఇరవై వేల లోపు మడత సైకిలు: ఏం చూసి కొనాలి?

కంటోన్మెంటు వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను విజయనగరం కంటోన్మెంటులో ఉంటాను. గత వేసవిలో బదిలీ అయి శ్రీకాకుళంలో, ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా ఉన్న కార్యాలయంలో చేరాను. పిల్లల చదువులు, అమ్మగారి వైద్యం ఇక్కడే కాబట్టి కాపురం మార్చే ఉద్దేశం లేదు. పొద్దున పలాస వైపు వెళ్లే బండి పట్టుకుంటాను. ఈ దారి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి: టిక్కెట్టు మీద ‘శ్రీకాకుళం రోడ్డు’ అని ఉంటుంది గానీ దిగేది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం పట్నం ఇంకా 13 కిలోమీటర్లు ఉంటుంది. బండి దిగినవాళ్లందరం ఒక్కసారిగా ఆటోల మీద పడతాం. ఆటో నిండేదాకా డ్రైవరు కదలడు, నిండిన తరువాత కూడా ఇంకొకరి కోసం మెడ చాచి చూస్తూ ఉంటాడు. సాయంత్రం బండి వేళకు నా పని తెమలదు కనుక, శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆర్టీసీ బస్సెక్కి, రణస్థలం, నాతవలస మీదుగా విజయనగరం చేరతాను. అంటే పొద్దున ఒక దారి, సాయంత్రం వేరొక దారి.

ఈ మధ్య ఒక సహోద్యోగి మడత సైకిలు సంగతి చెప్పినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. ఇంటి నుంచి విజయనగరం స్టేషనుకు 3 కిలోమీటర్లు, ఆమదాలవలస నుంచి కార్యాలయానికి 13, సాయంత్రం కాంప్లెక్సుకు కిలోమీటరున్నర, ఇక్కడ బస్సు దిగాక మరో రెండు. మొత్తం ఇరవై కిలోమీటర్ల దాకా లెక్క తేలింది. నా వయసు 48, బరువు 78 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. మోకాళ్లు ఇంతవరకూ మాట వింటున్నాయి. పెట్టగలిగింది ఇరవై వేలు, మహా అయితే మరో రెండు.

నా సందేహాలు మూడు. అంత చిన్న చక్రాలతో 13 కిలోమీటర్లు తొక్కడం సాధ్యమేనా, కాళ్లు గిర్రున తిప్పుతూనే ఉండాలా? 16 అంగుళాలదా, 20 అంగుళాలదా, గేర్లున్నదా, లేనిదా? రైల్లోనూ బస్సులోనూ దీన్ని ఎక్కనిస్తారా? వీలైతే ఆదివారాల్లో కళింగపట్నం, ఎప్పుడైనా అరకు తీసుకెళ్లాలన్న ఆశ కూడా ఉంది. వాడుతున్నవారు చెబితే మేలు.

నెల్లిమర్ల మాస్టారు:

మీ ప్రశ్న చదవగానే నాకు తట్టిన మొదటి మాట, మడత సైకిలు ఎందుకు అని. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రెండు పాత సైకిళ్లు కొని, ఒకటి ఇటు స్టేషను స్టాండులోనూ ఇంకొకటి అటు స్టేషను స్టాండులోనూ పెట్టి, పదకొండేళ్లు నడిపించాను. రెండింటికీ కలిపి మీరు చెప్పిన సొమ్ములో నాలుగో వంతు కూడా కాలేదు. మోయడం లేదు, మడవడం లేదు, ఎవరైనా ఎత్తుకుపోతే పోయేది పాత ఇనుమే. మీరు సాయంత్రం బస్సులో వస్తారని రాశారు గనుక ఆమదాలవలస స్టాండులో సైకిలు పెడితే, అది మొదటి రోజు సాయంత్రానికే శ్రీకాకుళంలో ఉండిపోతుందని నాకూ తెలుసు. అయినా, వారంలో రెండు మూడు రోజులైనా సాయంత్రం బండి దొరికే పక్షంలో నా ఉపాయం గురించి ఒకసారి ఆలోచించండి.

కంటోన్మెంటు వాసి:

మాస్టారూ, మీ ఉపాయం నేనూ వేసి చూసుకున్నాను. సాయంత్రం బండి నెలలో నాలుగు సార్లకు మించి అందదు. పైగా కొన్ని రోజులు పొద్దున బండి ఆలస్యమైతే అటూ బస్సులోనే పోతాను. సైకిలు ఎక్కడ ఉందో, నేను ఎక్కడ ఉన్నానో రోజూ లెక్క కట్టుకోవలసి వస్తుంది. నాతో పాటు వచ్చేదే కావాలి.

ఆమదాలవలస ప్యాసింజరు:

అలాగైతే మీకు మడత సైకిలే సరైనది. వచ్చే దారీ వెళ్లే దారీ ఒకటి కానివారికి, వాహనం మధ్యలో మార్చేవారికి తప్ప ఈ సైకిలు వల్ల పెద్ద లాభం లేదని నా అభిప్రాయం. ఇల్లు కదిలి ఇల్లు చేరేదాకా సైకిలు మీదే ఉండేవారు మామూలు సైకిలు కొనుక్కోవడం మంచిది, అదే సొమ్ముకు ఇంకా మంచిది వస్తుంది.

నేను నాలుగేళ్లుగా చీపురుపల్లి నుంచి వస్తున్నాను, మీ బండే. మొదట కొన్నది తప్పు సైకిలు కాబట్టి ఆ తప్పు ఎలా జరిగిందో ముందు చెబుతాను. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి, 21 గేర్లు, రెండు డిస్కు బ్రేకులు, ముందూ వెనుకా స్ప్రింగులు అని రాసి ఉంటే, పద్నాలుగు వేలకు ఇంతకన్నా ఏం కావాలనుకున్నాను. అట్టపెట్టె విప్పాక ఇంటి తూకం మీద పెడితే 17 కిలోల 400 గ్రాములు తూగింది. మొదటి రోజు ప్లాట్‌ఫాం మారడానికి పాదచారుల వంతెన ఎక్కేటప్పుడు పదిహేనో మెట్టు దగ్గర కుడి చేయి నుంచి ఎడమ చేతికి, ముప్పయ్యో మెట్టు దగ్గర ఎడమ నుంచి కుడికి మార్చుకున్నాను. పైకి చేరేసరికి మడిచిన సైకిలు తనంతట తాను విచ్చుకుని, ముందు చక్రం నా పిక్క మీద ఒక్కటి వేసింది. రెండు సగాలనూ పట్టి ఉంచే అయస్కాంతం పేరుకు మాత్రమే ఉంది. పాత ట్యూబు ముక్క ఒకటి కోసి చుట్టుకున్న తరువాత గానీ అది బుద్ధిగా ఉండలేదు. ఆరు నెలలు భరించి అమ్మేశాను.

అప్పుడు తెలిసివచ్చింది ఏమిటంటే, మనలాంటి ప్రయాణికుడు సైకిలు కొనవలసింది రోడ్డును బట్టి కాదు, మెట్లను బట్టి. తొక్కేటప్పుడు నాలుగు కిలోలు ఎక్కువైనా చదును నేల మీద పెద్దగా తెలియదు. ఎత్తినప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది. మీరు రోజుకు కనీసం రెండు సార్లు మడుస్తారు, రెండు సార్లు విప్పుతారు. ఇరవై వేలలో దొరికేవి చాలావరకు 12 నుంచి 15 కిలోల మధ్య ఉంటాయి. అందులో ఎంత కిందకు రాగలిగితే అంత కిందకు రండి. స్ప్రింగులున్న వెనుక చట్రం, డిస్కు బ్రేకులు, ముందు వైపు పళ్ల చక్రాలు మూడు, ఇవన్నీ ఈ ధరలో బరువే తప్ప పనితనం కావు. అదే ధరకు అంత సరంజామా ఇవ్వాలంటే తయారీదారు ఎక్కడో తగ్గించాలి కదా, తగ్గించేది మనకు కనబడని మడతబందులోనూ బేరింగుల్లోనూ.

ఇక మీ మొదటి సందేహం. చిన్న చక్రమంటే కాళ్లు గిర్రున తిప్పాలన్నది అందరికీ ఉన్న అపోహ. చక్రం చిన్నదైతే ముందు పళ్ల చక్రాన్ని పెద్దది చేసి సరిపెడతారు. మా నాన్నగారి నల్ల సైకిలుకు ముందు 44 పళ్లు, వెనుక 18. టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే పెడలు ఒక చుట్టు తిప్పితే 5.4 మీటర్లు పోతుంది. నా ఇప్పటి 20 అంగుళాల సైకిలుకు ముందు 52, వెనుక చిన్న పళ్ల చక్రానికి 14. టైరు చుట్టుకొలత మీటరున్నర. ఒక చుట్టుకు 5.6 మీటర్లు! నల్ల సైకిలు కన్నా ఎక్కువే. ఎదురుగాలి వచ్చినా వంతెన ఎక్కవలసి వచ్చినా వెనుక 28 పళ్ల దాని మీదకు మార్చితే ఒక చుట్టుకు 2.8 మీటర్లు, అంటే శ్రమ సగం. కాబట్టి వెనుక ఆరో ఏడో గేర్లు చాలు, ముందు గేర్లు అనవసరం. గేరు అసలే లేనివి కిలో తేలికగా, రెండు మూడు వేలు చవకగా వస్తాయి గానీ, 13 కిలోమీటర్లకు నేనైతే సిఫారసు చేయను. ఇంటికీ స్టేషనుకూ మధ్య మూడు కిలోమీటర్లు మాత్రమే అయితే గేరు లేనిదే తీసుకోమనేవాణ్ని.

నిదానంగా తొక్కినా గంటకు 16 కిలోమీటర్ల లెక్కన ఆమదాలవలస నుంచి మీకు 50 నిమిషాలు పడుతుంది. ఆటోతో పోలిస్తే ఆదా పెద్దగా లేదు, కానీ ఆ 50 నిమిషాలు మీ చేతిలో ఉంటాయి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మాత్రం ఆ పని పెట్టుకోకండి. ఆ రెండు నెలలు నేను సైకిలు మడిచి ఆటో వెనుక పడేసి పోతాను, అదీ ఈ సైకిలుతో ఉన్న సుఖమే.

సైకిలు షాపు, శ్రీకాకుళం:

ఈ చర్చలో కొనేవారి మాటలే ఉన్నాయి గనుక, బాగు చేసేవాడి మాటగా నాలుగు ముక్కలు చెబుతాను. మా షాపులో మడత సైకిళ్లు అమ్మం, అవి మా దగ్గరికి వచ్చేది చెడిపోయాకే.

మొదటిది టైరు. 16 అంగుళాలదా, 20 అంగుళాలదా అని అడిగారు. అంగుళాల లెక్క చూసి మోసపోకండి, టైరు పక్కన పొంగుగా అచ్చు వేసిన అంకెలు చూడండి. ‘47-406’ అన్నట్లు చివర 406 ఉంటే అది పిల్లల 20 అంగుళాల సైకిలు టైరు కొలతే. అలాంటి ట్యూబూ టైరూ శ్రీకాకుళంలోనే కాదు, నరసన్నపేటలోనూ దొరుకుతాయి. చివర 451 ఉంటే దాన్నీ 20 అంగుళాలనే పిలుస్తారు గానీ రిమ్ము పెద్దది, 406 టైరు దానికి ఎక్కదు. 16 అంగుళాల్లోనూ ఇదే తిరకాసు: 305 అయితే పిల్లల సైకిలు కొలత, 349 అయితే ఖరీదైన మడత సైకిళ్ల కొలత, దాని కోసం మా దగ్గరికి వస్తే లేదని చెప్పడమే మా పని. మీరు 406 కొనండి. మన రోడ్ల గుంతల్లో 16 అంగుళాల చక్రం దిగినంత లోతుకు 20 అంగుళాలది దిగదు, ఆ తేడా మీ నడుముకు తెలుస్తుంది. టైరు వెడల్పు 1.75 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. మీ బరువుకు గాలి 50 పౌండ్ల దగ్గర ఉంటే బాగుంటుంది, చిన్న చక్రానికి గాలి తగ్గితే తొక్కుడు బరువెక్కడమే కాక రిమ్ము వంగుతుంది. వాల్వు మోటారు సైకిలు వాల్వు లాంటిదైతే ఏ పంచరు షాపులోనైనా గాలి కొడతారు. సన్నగా, మూతి దగ్గర చిన్న మర ఉండే వాల్వు అయితే దానికి తగిన పంపు మీ సంచిలో ఉండాలి.

రెండవది, ఇదే ముఖ్యం, మడతబందు. తలుపు మడతబందు వదులైతే తలుపు కిర్రుమంటుంది, అంతే. సైకిలు మడతబందు వదులైతే మనిషి కింద పడతాడు. కొనే ముందు ఇలా చేయండి. సైకిలు విప్పి గడియ వేసి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, హ్యాండిలును ముందుకూ వెనక్కూ ఊపండి. లోపల ‘టక్ టక్’ అని చేతికి తగిలితే మడతబందులోనో హ్యాండిలు గొట్టం మొదట్లోనో సందు ఉన్నట్లు. గడియ వేయడానికి బొటనవేలితో నొక్కితే కాస్త కష్టపడాలి. వేలి కొసతో పడిపోయే గడియ పనికిరాదు. గడియ పొరపాటున లేవకుండా అడ్డుపడే చిన్న మీట ఒకటి ఉంటుంది, అది స్ప్రింగుతో తనంతట తాను పడుతుందో లేదో చూడండి. కొన్న తరువాత మొదటి నెలలో ఈ బందు తప్పకుండా కొంచెం వదులవుతుంది, అందులో భయపడవలసింది లేదు. అలెన్ కీతో పావు తిప్పు బిగిస్తే సరి. నెలకొకసారి మడతబందు పక్కన వెల్డింగు చుట్టూ గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత కనబడితే అది గీత కాదు, పగులు. దాన్ని వెల్డింగు చేయించుకుందామని మా దగ్గరికి తెస్తారు. అల్యూమినియం అయితే మా వల్ల కాదు, ఇనుము అయినా ఆ చోట నేను వేయను. వేసినవాడు ఎవరైనా సరే, ఆ సైకిలు మీద నేను ఎక్కను.

మూడవది సీటు గొట్టం. మామూలు సైకిలుకు ఆ గొట్టానికి గ్రీజు రాస్తాం. మడత సైకిలుకు రాయకూడదు, రాస్తే నాలుగు కిలోమీటర్లకొకసారి సీటు దిగిపోతూ ఉంటుంది. మొన్న ఒకాయన అలా గ్రీజు రాసి, బిగించలేక క్లాంపు విరగ్గొట్టి తెచ్చాడు. పొడి గుడ్డతో తుడిచి ఉంచడమే దానికి మందు. గొట్టం మీద అడ్డగీతలు గానీ ‘కనీస లోతు’ గుర్తు గానీ ఉంటుంది. మీ ఎత్తుకు సీటు పెట్టినప్పుడు ఆ గుర్తు బయటికి కనబడిందంటే ఆ సైకిలు మీది కాదు. మడిచే పెడళ్లు ప్లాస్టిక్‌వి అయితే ఏడాదికి మించి రావు, వాటికి మూడు నాలుగు వందలు పక్కన పెట్టుకోండి.

సముద్రం దగ్గరి ఊళ్లు కదా మనవి, ఉప్పు గాలికి బోల్టులు తొందరగా తుప్పుపడతాయి. కళింగపట్నం వెళ్లి వచ్చిన రోజు చైను తుడిచి నూనె వేయకుండా పడుకోకండి.

అరసవల్లి నుంచి:

రైల్లో, బస్సులో ఎక్కనిస్తారా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక నేను చెబుతాను, ఎందుకంటే నేను దీన్ని ఎక్కువగా ప్రయాణాలకే వాడుతున్నాను.

రైల్వే వారి నిబంధనలో బరువు మనకు అడ్డు కాదు. రెండవ తరగతిలో మనిషికి 35 కిలోలు, స్లీపరులో 40 కిలోలు ఉచితం. అడ్డు వచ్చేది కొలత. బోగీలోకి తీసుకెళ్లే పెట్టె 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తుకు మించకూడదు. థర్డ్ ఏసీలోనూ ఏసీ చైర్ కారులోనూ అయితే ఇంకా చిన్నది, 55, 45, 22.5 మాత్రమే. నా 20 అంగుళాల సైకిలు మడిచి టేపుతో కొలిస్తే 82, 66, 38 వచ్చింది. లక్ష దాటే ఖరీదుతో, మడిస్తే అన్నిటికన్నా చిన్నదిగా పేరున్న బ్రాంప్టన్ కూడా 58.5, 56.5, 27 సెంటీమీటర్లు; అంటే అదీ రెండు సెంటీమీటర్లు దాటుతుంది. కాబట్టి నిబంధన ప్రకారం నాకు హక్కు ఉందని ఎవరితోనూ వాదించకండి, ఆ వాదన మనం నెగ్గలేం. పెట్టె కొలత దాటిన సామాను బ్రేకువ్యానులో బుక్ చేయాలన్నదే నియమం.

వాడుకలో మాత్రం నాకు ఇంతవరకూ ఇబ్బంది రాలేదు. దానికి కారణం సంచి అని నా నమ్మకం. సైకిలు సైకిలులా కనబడితే ప్రతివారికీ ఒక అభిప్రాయం ఉంటుంది. సంచిలో ఉంటే అది సామాను. ముదురు రంగు గట్టి గుడ్డతో మా వీధి దర్జీ చేత జిప్పు లేకుండా, పైన తాడు లాగితే మూసుకునేలా కుట్టించుకున్నాను. చైను నూనె పక్కవారి చీరకు అంటకుండా ఉంటుంది. ఆ మాటకొస్తే నా మొదటి గొడవ టికెట్ కలెక్టరుతో కాదు, పట్టుచీర కట్టుకున్న ఒక పెద్దావిడతోనే. ప్యాసింజరు బండిలో తలుపు దగ్గర అడ్డంగా పెట్టకుండా, బెంచీ కింద పట్టకపోతే రెండు బెంచీల వీపుల మధ్య సందులో నిలబెట్టండి. దూసి స్టేషను దాటగానే లేచి సర్దుకుంటే ఆమదాలవలసలో తొక్కిసలాట లేకుండా దిగవచ్చు. బస్సులో డిక్కీ ఉంటే అందులో, లేకపోతే డ్రైవరు వెనుక ఖాళీలో. కండక్టరును ముందుగా అడగడం మర్యాద. ఒకాయన సంచిని తట్టి చూసి, “ఇదేటమ్మా, కుట్టు మిషనా?” అన్నాడు. సైకిలని చెబితే విప్పి చూపించమని, చూసి సంతోషించి, టిక్కెట్టు కొట్టలేదు. అందరూ అలా ఉండరు, లగేజీ టిక్కెట్టు కొడితే తీసుకోండి.

అరకు మాట ఎత్తారు కదా. నేను కొత్తవలసలో కిరండూల్ ప్యాసింజరు ఎక్కి అరకు వెళ్లి, మర్నాడు సైకిలు మీద గాలికొండ, అనంతగిరి మీదుగా ఎస్.కోటకు దిగాను. ఎక్కే భాగం కొంత నడిపించుకుంటూ వెళ్లాను, అందులో సిగ్గేమీ లేదు. కష్టమంతా దిగుడులో. చిన్న రిమ్ములో లోహం తక్కువ కాబట్టి, రబ్బరు రాచుకుంటే పెద్ద చక్రం కన్నా తొందరగా వేడెక్కుతుంది. ఒక మలుపు దగ్గర ఆగి రిమ్ము మీద వేలు పెట్టి చురుక్కున వెనక్కు తీసుకున్నాను. ఆ తరువాత బ్రేకు పట్టుకునే ఉండకుండా పట్టి వదులుతూ, ప్రతి రెండు కిలోమీటర్లకూ ఆగి చల్లారనిస్తూ దిగాను. కాఫీ తోటలు చూడడానికి అదే సాకు అయింది. సంచీ అంతా క్యారియరు మీద కట్టి దిగడం కూడా మంచిది కాదు. హ్యాండిలు గొట్టం పొడవు గనుక అసలే కొంచెం ఊగుతుంది.

ఒక చిన్న చరిత్ర, ఆసక్తి ఉన్నవారికి: మన ధరలో దొరికే, నడిమికి రెండుగా మడిచే సైకిళ్లు చాలావరకు డాహాన్ వారి రూపాన్ని అనుసరించినవే. ఆ సంస్థను 1982లో డేవిడ్ హాన్ అనే లేజరు భౌతిక శాస్త్రవేత్త అమెరికాలో మొదలుపెట్టాడు. బ్రాంప్టన్ లండన్‌లో ఆండ్రూ రిచీ రూపొందించినది. దాని పద్ధతి వేరు, మొదట వెనుక చక్రం కిందకు ముడుచుకుని అదే స్టాండు అవుతుంది, ఆపైన మిగిలిన సగం మడుస్తారు. మన బడ్జెట్టుకు అందదు గానీ, ఎక్కడైనా కనబడితే ఒకసారి మడిచి చూడండి, మడత అంటే ఏమిటో తెలుస్తుంది.

నెల్లిమర్ల మాస్టారు:

బ్యాటరీ ఉన్న మడత సైకిళ్లు కూడా వస్తున్నాయట కదా, మోకాళ్లకు సుఖం. 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు అయితే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కరలేదని విన్నాను.

ఆమదాలవలస ప్యాసింజరు:

నిజమే మాస్టారూ, నిబంధన అలాగే ఉంది. కానీ బ్యాటరీ, మోటారు కలిస్తే ఇరవై కిలోలు దాటుతుంది, ఆయన బడ్జెట్టూ దాటుతుంది. పాదచారుల వంతెన మీద మోటారు పనిచేయదు. విమానంలో అయితే 160 వాట్-గంటలు దాటిన బ్యాటరీని అసలు ఎక్కనివ్వరు, సైకిలు బ్యాటరీలు దాదాపు అన్నీ అంతకన్నా పెద్దవే.

కంటోన్మెంటు వాసి:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మీరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, టేపూ మా ఇంటి తూకం త్రాసూ సంచిలో వేసుకుని విశాఖపట్నం వెళ్లాను. మొదట చూసిన దుకాణంలో 16 కిలోలది చూపించి, “సార్, ఇది అందరూ తీసుకుంటున్నారు” అన్నారు. ముందు బ్రేకు పట్టి ఊపితే షాపాయన చెప్పిన ‘టక్ టక్’ స్పష్టంగా తగిలింది. రెండవ చోట ఇరవై అంగుళాలది, టైరు మీద 406, వెనుక ఏడు గేర్లు, 13 కిలోల 200 గ్రాములు. మడిచి దుకాణం మెట్లు మూడు సార్లు ఎక్కి దిగాను. కుర్రాళ్లు నవ్వుకున్నారు గానీ కొన్న తరువాత ఎక్కేది నేనే కదా. సీటు నా ఎత్తుకు పెట్టాక కనీస గుర్తు రెండు వేళ్ల కింద ఉంది. 21,500 అయింది, సంచికి దర్జీ 350 తీసుకున్నాడు.

వారం రోజులు వాడాను. మొదటి రోజు మడవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఇప్పుడు నలభై సెకన్లు. ముందు సీటు దించి, తరువాత హ్యాండిలు, ఆఖరున నడుము. ఈ వరుస తప్పితే పెడలు చట్రానికి అడ్డం వస్తుందని రెండో రోజుకు తెలిసింది. ఆమదాలవలస నుంచి మొదటి రోజు గంట పట్టింది, నిన్న 52 నిమిషాలు. గాలి ఎదురైన రోజు మూడో గేరులోనే వచ్చాను. చొక్కా ఒకటి కార్యాలయంలో ఉంచుకుంటున్నాను.

ఒకే ఇబ్బంది మిగిలింది. భోజనం క్యారేజీ, కాగితాలు ఉన్న సంచిని వెనుక క్యారియరు పక్కన వేలాడదీస్తే తొక్కేటప్పుడు మడమ దానికి తగులుతోంది. సైకిలులో లోపమా, నేను కట్టడంలో తప్పా?

సైకిలు షాపు, శ్రీకాకుళం:

లోపం కాదు. చిన్న చక్రాల సైకిలుకు పెడలుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం తక్కువ, అందుకే మడమ తగులుతుంది. సంచి కొక్కేలను క్యారియరు మీద వీలైనంత వెనక్కు జరపండి. అప్పటికీ తగిలితే చట్రం ముందు భాగానికి బిగించే చిన్న క్యారియరు పెట్టవచ్చు, హ్యాండిలు మీద బరువు పడకుండా ఉంటుంది, మడతకూ అడ్డురాదు. మీ చట్రానికి ముందు బోల్టు రంధ్రాలు ఉన్నాయో లేవో చూసి చెప్పండి. మీది ఏడు రోడ్ల కూడలి అన్నారుగా, మధ్యాహ్నం భోజనం వేళ తీసుకొస్తే పావుగంట పని. వచ్చేటప్పుడు మడతబందు కూడా ఒకసారి చూస్తాను, వారం అయింది కదా.